ఊ కొట్టే నగరం

పొద్దు పడమటి కొండల మీదికి వాలే వేళకు తామ్రకేతన నగరంలో నగారా మోగింది. మోగిన మరుక్షణం ఎక్కడి పనులు అక్కడే ఆగిపోయాయి. సారె మీద కుండ వంకరపోయింది. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. పాలిస్తున్న తల్లి బిడ్డను చంకనేసుకుని పరుగు తీసింది. రాజకథకు ఆలస్యంగా వస్తే ఏమవుతుందో అక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, నగరం చూడ్డానికి మాత్రం రెండు కళ్ళూ చాలవు. ఏడు ప్రాకారాలు, ప్రాకారానికో రంగు. పగడాల తోరణాలు, వైడూర్యాల వాకిళ్ళు, పన్నీరు పారే కాలువలు. బంగారు తాపడం చేసిన గోపురాలు సాయంకాలపు ఎండలో ధగధగ మెరిసిపోతుంటే ఆకాశంలో పోయే కొంగలు కూడా ఓసారి కిందికి చూసి పోయేవి. ఇంత బంగారం ఎక్కడిదంటారా? అదే చోద్యం. అదంతా మాంత్రికుడు ధూమ్రకంఠుడు చెప్పిన కథ.

మన ఇళ్ళలో పెద్దవాళ్ళు కథ చెబుతుంటే పిల్లలు ఊ కొట్టరూ? తామ్రకేతనంలో రోజూ సాయంత్రం ధూమ్రకంఠుడు రాజ్యం కథ చెప్పేవాడు. ప్రజలంతా ఊ కొట్టాలి. వాడు పాతాళంలో ఏ క్షుద్రదేవత కాళ్ళు నాకి సంపాదించాడో గానీ, వాడికో వరం ఉంది. వాడి నగారా మోగినప్పుడు లక్ష గొంతులు ఒక్కటిగా దేనికి ఊ అంటే అది లోకంలో నిజమైపోతుంది. గొంతులు తగ్గేకొద్దీ ఆ నిజం పలచబడుతుంది. "మన మేడలు బంగారువి" అన్నాడు వాడు. ఊ అన్నారు జనం. మట్టిమేడలు బంగారువైపోయాయి. ఇంతకుముందు అవి మట్టివని గుర్తున్నవాడెవడూ మిగల్లేదు. మిగిలిన ఒకరిద్దరికి నోట్లో నాలుక మిగల్లేదు.

గొంతులు తగ్గకుండా చూడ్డానికి చెవిభటులుండేవారు. రొమ్ము మీద రాగిచెవి బిళ్ళ తగిలించుకుని, గుంపుల మధ్య తిరుగుతూ, ఊ కొట్టనివాణ్ణి పట్టుకోవడం వాళ్ళ పని. వాళ్ళ నాయకుడు సింగరాయుడు. ఆరడుగుల మనిషి, భుజాన గండ్రగొడ్డలి. మంచివాడా, చెడ్డవాడా అని అడగొద్దు. వాడెప్పుడూ ఆ ఆలోచనే చేసి ఎరగడు. పోయిన కోతల కాలంలో గానుగ కొమ్మయ్య ఊ కొట్టాల్సిన చోట తుమ్మాడు. "వినని చెవి నీకెందుకురా?" అని సింగరాయుడు ఆ కుడిచెవి కోసి వాడి చేతిలోనే పెట్టాడు. వంకాయ తొడిమ తీసినంత తేలిగ్గా తీసి, ఇంటికెళ్ళి కడుపునిండా అన్నం తిన్నాడు.

ఆ సాయంత్రం కథామంటపం ముందు నేల ఈనినట్టు జనం. ముందు వరసలో తలకు గుడ్డ చుట్టుకుని కొమ్మయ్య. వాడి పక్కన ముసలి గంగసాని, కాపలాలో ఉన్న కొడుకు కోసం సద్దిమూట కట్టుకుని వచ్చింది. మంటపానికి ఎత్తయిన నల్లరాతి మెట్లు. మెట్ల చివర ఏనుగు తోలు బిగించిన నగారా. దాని వెనక నల్లపట్టు తెర. ఆ తెర వెనక మణిధ్వజ మహారాజు కొలువుదీరి ఉంటాడని ప్రతీతి. ఆయన మొహం చూసినవాళ్ళు ఏళ్ళ తరబడి లేరు.

ధూమ్రకంఠుడు పులితోలు మీద కూర్చున్నాడు. బూడిద రంగు జడలు, మెళ్ళో కోసిన నాలుకలు ఎండబెట్టి గుచ్చిన దండ. నోరు తెరిస్తే మాటకు ముందు పొగ వస్తుంది.

"గజకంఠపు కనుమలో మన సేన జయించింది!"

నగారా ధమ్మంది. "ఊ!" అన్నాయి లక్ష గొంతులు.

"ఆ యుద్ధంలో మన భటుడొక్కడూ చావలేదు!"

ధమ్. "ఊ!"

"మావాడు చచ్చాడని ఏడ్చేవాళ్ళున్నారు. అబద్ధం! ఆ చచ్చినవాళ్ళెవరూ అసలు పుట్టనే లేదు!"

ధమ్. "ఊ!"

చెప్పుకోవాలంటే సిగ్గుచేటు, ఆ లక్ష గొంతుల్లో సింగరాయుడి గొంతూ ఉంది. నోరు అలవాటు కొద్దీ తెరుచుకుంది, అలవాటు కొద్దీ మూసుకుంది. ఆ తరవాత వాడి గుండెలో ఏదో తెగింది. తనూ పోయిన ఆ కనుమ యుద్ధంలో తన ఒళ్ళో ఒకడు చచ్చాడు. కడుపులో బల్లెం దిగి, దాహం దాహం అంటూ చచ్చాడు. వాడి మీద రాళ్ళు పేర్చింది తనే. ఎవరు వాడు? మొహం పొగలో కలిసిపోతోంది. పేరు నాలుక దాకా వచ్చి జారిపోయింది.

"బావగారూ! మీరు కూడా ఊ కొట్టారా?"

జనంలోంచి ఒక ఆడగొంతు చీల్చుకుని వచ్చింది. తల విరబోసుకుని, నడుముకు కొడవలి దోపుకుని చెంగల్వ నిలబడి ఉంది. సింగరాయుడి తమ్ముడి పెళ్ళాం ఆమె. బిగించిన పిడికిట్లో మొగుడి వెండి కడియం ఉంది. ఆ కడియం వేళ్ళ సందుల్లోంచి పొగలా జారిపోతోంది. ఆమె ఒక్కతే ఊ అనలేదు కాబట్టి ఇంకా పూర్తిగా పోలేదు.

"మీ తమ్ముడి పేరు చెప్పండి బావగారూ! తొందరగా చెప్పండి! పోతున్నాడు, నా చేతుల్లోంచి పోతున్నాడు!"

ధూమ్రకంఠుడు కిలకిలా నవ్వాడు. "పుట్టనివాడికి పెళ్ళామట! విన్నారా? సింగరాయా, దాని తల కోసి ఈ మెట్టు మీద పెట్టు!"

జనం చీలి దారి ఇచ్చారు. సింగరాయుడు గొడ్డలి ఎత్తాడు. ఆజ్ఞ వినపడగానే ఎత్తడం వాడి చేతికి అలవాటు. చెంగల్వ ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యలేదు సరికదా, ఎదురొచ్చి వాడి అంగీ భుజం దగ్గర పట్టుకుని సర్రున చింపేసింది.

"నరుకుదురు గానీ, ముందు ఇది చెప్పండి. చిన్నప్పుడు తాటిముంజల కోసం కొట్టుకుంటే ఈ భుజం కొరికిందెవరు? ఈ పంటిగాట్లు ఎవరివి? పుట్టనివాడు కరుస్తాడా?"

సింగరాయుడి ఎడమచెయ్యి తనంతట తానే భుజం మీదికి పోయింది. అర్ధచంద్రాకారంలో పాత మచ్చ. వేళ్ళకు తగిలింది. అంత చిన్న పళ్ళతో ఎంత గట్టిగా కరిచాడు దొంగవెధవ! ఆ రాత్రి అమ్మ ఇద్దర్నీ బాదింది. తరవాత వాడే పసుపు తెచ్చి రాశాడు. "నొప్పిగా ఉందా అన్నా?" అన్నాడు.

"ఓబళుడు," అన్నాడు సింగరాయుడు. కళ్ళ వెంట నీళ్ళు ధారలు కట్టాయి. "నా తమ్ముడు ఓబళుడు. చచ్చిపోయాడు. నా ఒళ్ళోనే చచ్చిపోయాడు."

"సింగరాయా!" మాంత్రికుడు ఉరిమాడు. "నీకు తమ్ముడు లేడు! ఊ అను!"

నగారా ధమ్మంది. జనం నోళ్ళు తెరుచుకోబోయాయి. అంతలో ఆ నగరంలో ఏళ్ళ తరబడి ఎవరూ వినని ఒక శబ్దం వినపడింది.

"ఉహూఁ!"

సింగరాయుడు రొమ్ము మీది రాగిచెవిని పీకి మాంత్రికుడి మొహాన కొట్టాడు. "ఉహూఁ! ఉన్నాడు! ఓబళుడు ఉన్నాడు!"

అప్పుడు చూడాలి ఆ ధూమ్రకంఠుడి మొహం! మాట గొంతులో అడ్డం పడి, పొగకు బదులు నల్లని నెత్తురు కక్కుకున్నాడు. తూర్పు గోపురం మీది బంగారం పెచ్చులు పెచ్చులుగా ఊడి జనం నెత్తిన పడింది. కింద పడ్డ పెచ్చును ఒకడు చేత్తో నలిపి చూశాడు. మట్టి.

"చంపండి వాణ్ణి!"

చెవిభటులు మీద పడ్డారు. సింగరాయుడు చెంగల్వను వీపు వెనక్కి లాక్కుని మెట్ల మీదికి ఉరికాడు. గండ్రగొడ్డలి గిర్రున తిరిగింది. మొదట వచ్చినవాడి చెయ్యి డాలుతో సహా తెగి కింద దొర్లింది. రెండోవాడి పుర్రె పుచ్చకాయలా పగిలింది. మూడోవాడు కత్తి పొడిచే లోపు సింగరాయుడు వాడి గొంతు పట్టుకుని రాతి స్తంభానికి బాదాడు. ఎముకలు విరిగిన చప్పుడు మెట్ల కింది దాకా వినపడింది. నెత్తురుకు మెట్లు జారిపోతున్నాయి. వెనక వచ్చేవాళ్ళు ముందు పడ్డవాళ్ళ మీద కాళ్ళేసి ఎక్కుతున్నారు.

అయితే వాళ్ళంతా వాడి చేతి కింద పెరిగినవాళ్ళే. వాడి ప్రతి ఎత్తూ వాళ్ళకు కరతలామలకం. దళంలో రెండోవాడైన దుర్జయుడు పక్కనుంచి దొంగలా వంగి వచ్చి, సింగరాయుడి తొడలోకి బల్లెం దించాడు. తను నేర్పిన విద్య తనకే చుట్టుకుంది. సింగరాయుడు మోకాలి మీద కూలాడు.

"నాయకా, ఒక్క ఊ కొట్టి ఉంటే పోయేది కదా!" అని దుర్జయుడు రెండోసారి బల్లెం ఎత్తాడు. ఎత్తిన బల్లెం ఎత్తినట్టే ఉండిపోయింది. వాడి మెడకు పక్కనుంచి చెంగల్వ కొడవలి తగులుకుంది. గడ్డి కోసినట్టు ఒక్క లాగు లాగిందామె. తల ఒక మెట్టు మీద, మొండెం ఒక మెట్టు మీద పడ్డాయి.

"లేవండి బావగారూ! ఇంకా వస్తున్నారు!"

సింగరాయుడు తొడ గాయాన్ని ఒక చేత్తో అదుముకుని, కుంటుతూ పాకుతూ నగారా దగ్గరికి చేరాడు. నగారా కొట్టేవాడు వాణ్ణి చూసి పుల్ల పారేసి ఒకే గెంతున కిందికి దూకేశాడు. చుట్టూ భటులు వలయం కట్టారు. బల్లేలన్నీ వాడి గుండెకేసి గురిపెట్టి ఉన్నాయి. అప్పుడు తట్టింది వాడికి ఆ ఉపాయం. ఇన్నాళ్ళూ జనం మధ్య తిరిగినవాడు కదా! వీళ్ళెవరూ కథ వినరు. నగారా మోగితే చాలు, ఊ అంటారు.

పుల్ల అందుకుని గొంతు చించుకుని అరిచాడు. "ఈ మెట్ల మీద చెవిభటుడనేవాడే లేడు!"

ధమ్!

"ఊ!" అంది జనం.

బల్లేలు గాలిలో ఒక్క క్షణం నిలిచి గలగలా రాలాయి. పట్టుకున్న చేతులు లేవు. చేతుల వెనక మనుషులు లేరు. చచ్చి పడ్డవాళ్ళ శవాలు కూడా లేవు. మెట్లన్నీ కడిగినట్టు ఖాళీ. సింగరాయుడు పగలబడి నవ్వాడు. ఆహా, ఎంత సుళువు! ధూమ్రకంఠుడు తెర వైపు వెనక్కి వెనక్కి జరుగుతున్నాడు. ఇంకొక్క మాట చాలు. ధూమ్రకంఠుడు పుట్టనే లేదంటే సరి. సింగరాయుడు మళ్ళీ పుల్ల ఎత్తాడు.

"బావగారూ, ఆగండి. అటు చూడండి," అంది చెంగల్వ.

ముందు వరసలో గంగసాని తన సద్దిమూటను అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది.

"కొమ్మయ్యా, ఈ మూట ఎవరికి కట్టానురా నేను? నాకా ఎవరూ లేరాయె. పెరుగన్నంలో మామిడికాయ ముక్క కూడా పెట్టానే. ఎవరికి పెట్టానంటావు?"

ఆమె కొడుకు ఎడమవైపు వలయంలో ఉండేవాడు. ఇందాక బల్లెం పట్టుకుని వణుకుతూ నిలబడ్డవాడు. వాడు లేడనడానికి ఆ కన్నతల్లి నోరే సాయం పట్టింది.

"వాళ్ళు మీ మాట నమ్మి ఊ కొట్టలేదు," అంది చెంగల్వ. "వినకుండానే కొట్టారు. ఇవాళ మీరు కొట్టించారు. రేపు ఈ పుల్ల ఇంకొకడి చేతికొస్తే, మీ తమ్ముణ్ణి మళ్ళీ లేడంటాడు. అప్పుడూ వీళ్ళు ఇలాగే ఊ అంటారు. ఏం చేస్తారో మీ ఇష్టం."

సింగరాయుడి నవ్వు ఆగిపోయింది. గంగసాని మొహం చూడలేక కళ్ళు దించుకున్నాడు. తరవాత పుల్లను మోకాలికేసి విరిచాడు. గొడ్డలి ఎత్తి ఏనుగు తోలును ఈ అంచు నుంచి ఆ అంచుకు చీల్చిపారేశాడు.

"ఓరి వెర్రి సన్నాసీ!" ధూమ్రకంఠుడు తెర దగ్గర నిటారుగా లేచాడు. "చేతికందిన ఆయుధాన్ని విరుచుకుంటావట్రా? నగారా లేకపోతే నాకేం, వీళ్ళ గుండెల్లో మోగడం లేదూ?" జనం వైపు తిరిగి రెండు చేతులూ చాచాడు. "వినండి! ఈ నగరంలో సింగరాయుడనేవాడు లేడు!"

నగారా మోగలేదు. అయినా అలవాటు చావదు కదా. "ఊ..." అన్నారు కొందరు. ఏదో వంకరగా, వెనకా ముందూగా అన్నారు గానీ, అన్నారు. సింగరాయుడి ఎడమచేతి వేళ్ళు పొగైపోయాయి. ఆ వెనకే అరచెయ్యి, ఆ వెనకే మణికట్టు. నొప్పి లేదు. అదే భయంకరం. మోచేతి కింద ఏమీ లేదు.

"వాడు పుట్టనే లేదు!"

"ఊ..." ఈసారి ఇంకొంచెం గట్టిగా వినపడింది. ఎందుకు అనరు? వాళ్ళలో వాడి దెబ్బ తినని కుటుంబం లేదు. వాడు లేకపోతే వాళ్ళకు పండగే. సింగరాయుడి కుంటికాలి గుండా కింది మెట్టు కనపడడం మొదలైంది.

"ఉహూఁ! ఉన్నాడు, ఉన్నాడు!" చెంగల్వ ఒక్కతే గొంతు పగిలేలా అరుస్తోంది. ఒక్క గొంతు ఎంత ఆపుతుంది? సింగరాయుడు గొడ్డలి కర్ర మీద ఒరిగి జనాన్ని చూశాడు. బతిమాలలేదు. ఏ మొహం పెట్టుకుని బతిమాలతాడు?

"ఆఖరి మాట!" మాంత్రికుడి గొంతు నగరమంతా నిండింది. "సింగరాయుడి చేతి దెబ్బ ఈ లోకంలో ఎవడూ తినలేదు!"

జనం నోళ్ళు తెరిచారు.

అంతలో గానుగ కొమ్మయ్య తలగుడ్డ విప్పి నేలకేసి కొట్టాడు. చెవి ఉండాల్సిన చోట ముడుచుకుపోయిన పుండుమచ్చ.

"ఉహూఁ!" అన్నాడు. "వాడు లేకపోతే నా చెవి కోసిందెవడు? నీ అబ్బ కోశాడా?"

ఎవరూ కదల్లేదు. కొమ్మయ్య మెట్లెక్కుతూ, తిరిగి జనానికి తన తల చూపించాడు. "ఇదిగో, చూడండ్రా కళ్ళుంటే! పుట్టనివాడు కరవడని ఆ అమ్మి చెప్పింది, వినలా? మరి పుట్టనివాడు కోస్తాడా? వాడంటే నాకు ప్రేమా? ముక్కలుగా నరికి నా గానుగలో వేసి తిప్పాలని ఉంది. కానీ వాడు లేడంటే నా చెవి కూడా అబద్ధమేగా! ఒప్పుకోను. నా చెవిని నేను అబద్ధం కానివ్వను!"

గుంపులో ఒకడు పళ్ళూడిన నోరు తెరిచి, వేలు పెట్టి చూపించాడు. "ఉహూఁ. ఇది వాడి గొడ్డలి కర్ర దెబ్బే." ఒకామె వంకర తిరిగిన చెయ్యి పైకెత్తింది. "ఉహూఁ." ఇంకొకడు వీపు చూపించాడు. ఇంకొకడు చొక్కా చింపుకున్నాడు. దెబ్బతిన్నవాళ్ళంతా తమ తమ దెబ్బలు చూపించుకుంటూ, ఏడుస్తూ, తిడుతూ, ఉహూఁ, ఉహూఁ అంటున్నారు. ఒక్కొక్క ఉహూఁకీ సింగరాయుడి చెయ్యి అంగుళం అంగుళం వెనక్కి వస్తోంది. వచ్చిన ప్రతి అంగుళంలోనూ నిప్పు పెట్టినట్టు మంట.

గంగసాని సద్దిమూట గుండెకు అదుముకుని లేచింది. "నేను మామిడికాయ తినను. పళ్ళు లేవు. నాకో కొడుకుండాలి. ఉహూఁ, నాకు కొడుకున్నాడు!" అంది. ఆమె వెనక వందమంది అందుకున్నారు. మెట్ల ఎడమవైపు ఒక భటుడు ఉన్నట్టుండి గాలిలోంచి ఊడిపడి, బల్లెం లేని చేతులు చూసుకుంటూ "అమ్మా!" అన్నాడు. వాడి వెనకే మిగిలినవాళ్ళు ఊడిపడ్డారు, దుర్జయుడి లాంటివాళ్ళు తెగిన తలలతోనే.

ఏడు ప్రాకారాల్లోని గోపురాల బంగారం ఒకేసారి వర్షంలా రాలింది. పన్నీటి కాలువల్లో మురుగు గుప్పుమంది. చెంగల్వ పిడికిలి విప్పింది. వెండి కడియం బరువుగా, చల్లగా అరచేతిలో ఉంది. ఆమె దాన్ని కళ్ళకద్దుకుని భోరున ఏడ్చేసింది.

ధూమ్రకంఠుడు గింజుకుంటూ, పొగైపోతూ, నల్లపట్టు తెర కిందినుంచి లోపలికి పాకిపోయాడు.

కొమ్మయ్య సింగరాయుడి ఎదురుగా వచ్చి నిలబడి చెయ్యి చాపాడు. "ఆ గొడ్డలి ఇలా పడెయ్. ముందు వాడి సంగతి తేలుస్తాం. నీ సంగతి తరవాత. పారిపోవాలని చూశావో..."

"పోను," అన్నాడు సింగరాయుడు. గొడ్డలి తిప్పి, కర్ర వైపు అతనికి అందించాడు.

అందిస్తూ తన ఎడమచేతి వైపు చూసుకుని ఉలిక్కిపడ్డాడు. నాలుగు వేళ్ళే ఉన్నాయి. చిటికెనవేలు ఇంకా రాలేదు. ఎవరో ఒక్కరు, ఎక్కడో, ఇంకా అతను లేడనే అంటున్నారు.

"ష్! అరవకండి!" అంది చెంగల్వ చెయ్యెత్తి.

జనం అణిగారు. తెర వెనకనుంచి మాంత్రికుడి గుసగుస వినపడింది. "బయట ఎవరూ లేరు మహారాజా. అసలు ఈ నగరమే లేదు..." అది ఆగిన చోట, అన్నం తినిపించుకునే పసివాడి గొంతులాంటి ఒక ముసలిగొంతు బుద్ధిగా అంది.

"ఊ."

వాళ్ళ కాళ్ళ కింద రాతిమెట్టు పొగలు కక్కడం మొదలుపెట్టింది. కొమ్మయ్య గండ్రగొడ్డలి రెండు చేతులా పైకెత్తి నల్లపట్టు తెరను పైనుంచి కింది దాకా నరికాడు.